గెటప్ నుంచి గుర్తింపు దాకా: ప్రియాంక సింగ్ టెలివిజన్ ప్రస్థానంలో హాస్య, కరుణ రసాలు

వ్యాససంగ్రహం

తెలుగు టెలివిజన్ హాస్య కార్యక్రమాల్లో పురుష నటులు స్త్రీ వేషంలో నటించే ‘లేడీ గెటప్’ గత దశాబ్దంలో ఒక స్థిరమైన ప్రదర్శనరూపంగా నిలదొక్కుకుంది. ఈటీవీ ‘జబర్దస్త్’లో అటువంటి పాత్రలతో ప్రేక్షకులకు పరిచయమై, తరువాత ట్రాన్స్ మహిళగా తన గుర్తింపును ప్రకటించి, 2021లో ‘బిగ్‌బాస్ తెలుగు’ అయిదో సీజన్‌లో పాల్గొన్న ప్రియాంక సింగ్ ప్రస్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్త్రీగా అభినయించినంతకాలం ఆమెను హాస్యరసంలో నిలిపిన మాధ్యమం, స్త్రీగా జీవించడం మొదలుపెట్టాక ఆమెను ప్రధానంగా కరుణరసంలోకి ఎందుకు తరలించింది అన్నది ఇక్కడి ప్రశ్న. నాట్యశాస్త్రంలోని ప్రకృతి విభాగం, హాస్యరస వివరణ, తెలుగు రంగస్థలంపై స్త్రీ పాత్రధారణ చరిత్ర, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సంబంధించిన చట్టాల చరిత్ర ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: ట్రాన్స్‌జెండర్, లేడీ గెటప్, స్త్రీ పాత్రధారణ, జబర్దస్త్, బిగ్‌బాస్, హాస్యరసం, రూపానురూపం

1. ప్రవేశిక

టెలివిజన్ హాస్యం తెలుగు సాహిత్య విమర్శ దృష్టికి అంతగా వచ్చిన విషయం కాదు. ప్రహసనం, వీధినాటకం, పగటివేషం, హరికథలోని పిట్టకథ పరిశోధనాంశాలుగా గౌరవం పొందాయి. వాటి వారసత్వాన్ని నిత్యం లక్షల ఇళ్లలో వినియోగిస్తున్న స్కిట్ మాత్రం అభిరుచి చర్చలకే పరిమితమైంది. స్కిట్ అసభ్యమా కాదా అన్న వాదం ముగిసేచోట, అది ఎలా నవ్విస్తుంది, ఆ నవ్వు ఎవరి ఖర్చుతో పుడుతుంది అన్న ప్రశ్న మొదలుకావాలి.

ఆ ప్రశ్నకు ప్రియాంక సింగ్ ప్రస్థానం కంటే స్పష్టమైన ఉదాహరణ తెలుగు టెలివిజన్‌లో దొరకడం కష్టం. ఒకే నటి ఒకే మాధ్యమంలో, కొన్నేళ్ల వ్యవధిలో, రెండు భిన్నమైన ఒప్పందాల కింద ప్రేక్షకుల ముందు నిలబడ్డారు. మొదటిది ‘ఇది వేషం’ అన్న ఒప్పందం. రెండవది ‘ఇది నిజం’ అన్న ఒప్పందం. ఈ రెంటి మధ్య ఆమె నటనకు ఏమైంది అన్నదే విచార్యాంశం.

పద్ధతికి సంబంధించి ఒక మాట. జబర్దస్త్ కాలంలో ఆమె మరొక పేరుతో పనిచేశారు. ఆ పేరు బహిరంగంగా తెలిసినదే అయినా ఈ వ్యాసంలో వాడలేదు. ఆ కాలపు పనిని కూడా ‘ఆమె’ పనిగానే పేర్కొన్నాను. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు వ్యక్తి తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. పరిశోధన భాష ఆ హక్కుకు వెలుపల ఉండజాలదు. ఈ సర్వనామం మర్యాద కోసమే కాదు, విశ్లేషణకూ అవసరం. ఎందుకో మూడవ భాగంలో తేలుతుంది.

2. స్త్రీ పాత్రధారణ: ఒకే చర్యకు రెండు తీర్పులు

తెలుగు రంగస్థల చరిత్రలో పురుషులు స్త్రీ పాత్రలు ధరించడం అపవాదం కాదు, చాలాకాలం అదే నియమం. 1885లో మొదలైన సురభి సమాజాల్లో కుటుంబ స్త్రీలే స్త్రీ పాత్రలు పోషించడం నాటి పరిస్థితుల్లో విశేషంగా నిలిచింది. పద్యనాటక రంగంలో స్థానం నరసింహారావు సత్యభామగా, మధురవాణిగా, రోషనారాగా పొందిన కీర్తి, 1956లో అందుకున్న పద్మశ్రీ మనకు తెలిసినవే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ, ఉష పాత్రలతో ఆ కళకు పర్యాయపదమయ్యారు. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించింది.

ఈ గౌరవానికి ఒక నిబంధన ఉంది. వేషం తీశాక నటుడు సందేహరహితంగా పురుషుడై ఉండాలి. కూచిపూడి స్త్రీవేషంపై 2019లో వెలువడిన ‘ఇంపర్సనేషన్స్’ గ్రంథంలో హర్షిత మృత్యింటి కామత్, వేషం బ్రాహ్మణ పురుషత్వంతో ముడిపడిన తీరును వివరించారు. స్త్రీగా అభినయించే నైపుణ్యం ఆ సమాజంలో పురుషత్వాన్ని తగ్గించలేదు, ఒక అధికారంగా దాన్ని స్థాపించింది. ఆ అధికారంలోని పెళుసుదనాన్ని కూడా ఆమె చూపారు.

ఇదే కాలంలో ఇదే చర్యకు మరో తీర్పు అమలులో ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండవ భాగం ‘యూనక్’ల నమోదును నిర్దేశించింది. దాని బాటలోనే హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ప్రత్యేక చట్టం వచ్చింది. నమోదైన వ్యక్తి స్త్రీ దుస్తుల్లోనో ఆభరణాలతోనో బహిరంగ స్థలంలో కనిపించినా, ఆడి పాడి వినోద ప్రదర్శనలో పాల్గొన్నా, వారెంటు లేకుండా అరెస్టు చేసి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు అందులో ఉంది. చీర ఒకటే, పాట ఒకటే, ఆట ఒకటే. రంగస్థలం మీద బిరుదు, వీధిలో బేడీ.

‘తెలంగాణ యూనక్స్ యాక్ట్’గా కొనసాగిన ఈ చట్టాన్ని వైజయంతి వసంత మొగ్లి ప్రభృతుల పిటిషన్లపై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2013 ఫిబ్రవరిలో జబర్దస్త్ మొదలైనప్పుడు, 2021లో బిగ్‌బాస్ అయిదో సీజన్ ప్రసారమైనప్పుడు ఈ చట్టం పుస్తకాల్లో సజీవంగానే ఉంది. అమలు ఎంత అన్నది వేరే సంగతి. స్త్రీ వేషంలోని నటుడిని చూసి నవ్వే సంస్కృతి, స్త్రీ దుస్తుల్లోని ట్రాన్స్ వ్యక్తిని నేరస్థురాలిగా చూసే శాసనం ఒకే నగరంలో చాలాకాలం కలిసి బతికాయి.

3. లేడీ గెటప్: నవ్వు నిర్మాణం

జబర్దస్త్ నిర్మాణం పరిచితమే. టీమ్ లీడర్, అతని బృందం, పది నిమిషాల లోపు స్కిట్, న్యాయనిర్ణేతల మార్కులు. తొలి సంవత్సరాల్లో భార్య, అత్త, ప్రియురాలు, పనిమనిషి వంటి పాత్రల్లో ఎక్కువభాగం లేడీ గెటప్ వేసిన పురుష నటులవే. చమ్మక్ చంద్ర స్కిట్లలో పదేపదే వచ్చిన మొగుడూపెళ్లాల తగవుకు ఈ గెటప్ ప్రధాన సాధనం. ప్రియాంక నటిగా గుర్తింపు పొందింది ఈ వ్యవస్థలోనే.

ఈ గెటప్‌ను స్థానం వారి వేషంతో పోల్చి చూస్తే రెండింటి లక్ష్యాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. పద్యనాటకంలో వేషధారి నైపుణ్యం వేషాన్ని మరిపించడంలో ఉంది. స్కిట్‌లో నైపుణ్యం వేషాన్ని గుర్తుచేయడంలో ఉంది. కోమలంగా సాగుతున్న గొంతు హఠాత్తుగా బొంగురుపోతుంది. తోటి నటుడు ‘ఏమే’ అని పిలుస్తూ పిలుస్తూ ‘ఏరా’ అనేస్తాడు. విగ్గు సర్దుకోవడం, గడ్డం ప్రస్తావన, నటుడి అసలు పేరు బయటపెట్టడం పంచ్‌లవుతాయి. పాత్ర స్త్రీ, నటుడు పురుషుడు అన్న వాస్తవాన్ని ప్రేక్షకుడు ఒక్క నిమిషమైనా మరిచిపోకుండా చూడటమే ఈ హాస్యానికి ఇంధనం.

నాట్యశాస్త్రం హాస్యాన్ని శృంగారానుకృతిగా చెప్పింది. వికృతమైన ఆకారం, వేషం, వాక్కు, అలంకారం దానికి విభావాలు. లేడీ గెటప్ ఈ లక్షణానికి దాదాపు పాఠ్యపుస్తక ఉదాహరణ. అది నాయికను అనుకరిస్తుంది, ఆ అనుకరణ విఫలమవుతున్నట్టు నటిస్తుంది. నవ్వు ఆ వైఫల్యంలో పుడుతుంది. ఆ గ్రంథమే పాత్రధారణను అనురూపం, విరూపం, రూపానురూపం అని మూడు విధాలుగా చెబుతుంది. తన లింగానికి, వయసుకు తగిన పాత్రను ధరించడం అనురూపం. పురుషుడు స్త్రీగానో, స్త్రీ పురుషుడిగానో నటించడం రూపానురూపం. జబర్దస్త్ హాస్యం మొత్తం రూపానురూపం మీద ఆధారపడింది. నటుడికీ పాత్రకూ మధ్య దూరం ఉండాలి, ఆ దూరం కనిపించాలి.

ఇక్కడే సర్వనామం విశ్లేషణాత్మకమవుతుంది. ప్రియాంక గుర్తింపును ఆమె మాటగా స్వీకరిస్తే, ఆ స్కిట్లలో దూరం ఎటు ఉంది? చీర కింద పురుషుడున్నాడన్న రహస్యం తమకు తెలుసునని ప్రేక్షకులు నవ్వారు. తెలియని రహస్యం వేరే ఉంది. వేషమని వారు అనుకున్నది ఆమె స్వరూపానికి దగ్గర, స్వరూపమని అనుకున్నదే వేషం. రూపానురూపంగా చూసింది అప్పటికే అనురూపం. ఈ దృష్టితో పాత స్కిట్లను తిరిగి చూస్తే, ‘ఏరా’ అన్న పంచ్ పడినప్పుడు హాస్యవస్తువైనది పాత్ర కాదు, నటి.

దీని నుంచి ఆ కార్యక్రమం ఆమెకు హాని మాత్రమే చేసిందని తేల్చడం తొందరపాటు. స్త్రీ దుస్తుల్లో బయటకు వస్తే బెదిరింపులు, వెక్కిరింతలు ఎదురయ్యే సమాజంలో, అదే దుస్తుల్లో నిలబడితే జీతం, చప్పట్లు, వృత్తి లభించే స్థలం ఒకటి దొరికింది. ఆ స్థలం వెక్కిరింతను రద్దు చేయలేదు. దానికి మర్యాదస్తుల హాలులో ఒక సమయం కేటాయించింది. ఆశ్రయం, అవమానం ఒకే స్కిట్‌లో ఉండటమే ఇక్కడి చిక్కు.

4. ఒప్పందం మారిన తరువాత

వేషధారి తాను స్త్రీనని ప్రకటించగానే లేడీ గెటప్ వ్యాకరణం చెల్లదు. గుర్తుచేయడానికి ‘కింద ఉన్న పురుషుడు’ లేడు. పాత పంచ్ వాడితే అది హాస్యమనిపించుకోదు, నేరుగా దూషణ అవుతుంది. కొత్త పంచ్‌కు కొత్త రచన కావాలి. ఆమెను ఒక హాస్యనటిగా, తన పాత్రకు అనురూపమైన నటిగా ఊహించే రచన కావాలి.

అటువంటి రచన ఈ రంగానికి అసాధ్యం కాదు. తరువాతి సంవత్సరాల్లో సత్యశ్రీ, రోహిణి, వర్ష, ఫైమా వంటి నటీమణులు అదే వేదికపై స్త్రీ పాత్రలను ధరించి నవ్వించారు. గొంతు బొంగురుపోనక్కరలేదనీ, మాటల వేగం, ముఖకవళిక, సందర్భం చాలుననీ వారు నిరూపించారు. స్కిట్ అనురూప హాస్యాన్ని నేర్చుకుంది. ఆ పాఠాన్ని ట్రాన్స్ నటికి వర్తింపజేయడమే మిగిలింది.

విస్తృత ప్రేక్షకులు ఆమెను ప్రియాంకగా చూసింది మాత్రం వేరే చోట. 2021 సెప్టెంబర్ 5న స్టార్ మాలో నాగార్జున వ్యాఖ్యాతగా బిగ్‌బాస్ అయిదో సీజన్ 19 మంది పోటీదారులతో మొదలైంది. ఆమె పదమూడో వారం దాకా కొనసాగి డిసెంబర్ మొదటివారంలో నిష్క్రమించారు. ప్రేక్షకుల ఓటుతో నడిచే పోటీలో ఇది చిన్న విజయం కాదు.

5. బిగ్‌బాస్: సాక్ష్యంగా మారిన నటి

రియాలిటీ షో పోటీదారు నుంచి నటనను కోరదు, కథను కోరుతుంది. పరిచయ వీడియో, జ్ఞాపకాల టాస్క్, కుటుంబ సందేశం, కన్ఫెషన్ రూమ్ ఇవన్నీ ఆ కథను రాబట్టే యంత్రాంగాలు. ప్రియాంక విషయంలో ఆ కథ ముందే నిర్ణయమైంది: శరీరం, శస్త్రచికిత్స, కుటుంబం, అంగీకారం. ఆమెను కూతురిగా అంగీకరిస్తూ తండ్రి ఇచ్చిన వీడియో సందేశం ఆ సీజన్‌లోని మిక్కిలి ఆర్ద్రమైన ఘట్టాల్లో ఒకటి.

ఆ ఘట్టం విలువను తక్కువ చేయరాదు. పిల్లల గుర్తింపును ఎలా అర్థం చేసుకోవాలో తెలియని తల్లిదండ్రులకు, ఒక తెలుగు తండ్రి నోట ఆ మాట వినడం ఏ ప్రసంగమూ చేయలేని పని చేసి ఉండవచ్చు. నా అభ్యంతరం ఆ కన్నీటి మీద కాదు, కన్నీటి తరువాత ఏముందన్న దాని మీద. సీజన్ 4లో వైల్డ్‌కార్డ్‌గా వచ్చిన ముక్కు అవినాష్, సీజన్ 3లో వచ్చిన రోహిణి కూడా హాస్య నేపథ్యం నుంచి వచ్చినవారే. హౌస్‌లో వారి గుర్తింపు హాస్యనటుల గుర్తింపుగానే సాగింది. వారు ఏడ్చిన సందర్భాలున్నా, అవి నవ్వించేవారు ఏడ్చిన సందర్భాలుగానే నమోదయ్యాయి. ప్రియాంక విషయంలో ఈ క్రమం తిరగబడింది. ఏళ్ల తరబడి నవ్వించిన వృత్తి ఆమె కథకు పూర్వరంగమైంది, కథ మాత్రం కరుణదే.

శృంగారం విషయం మరింత సూచనాత్మకం. సహపోటీదారు మానస్ పట్ల ఆమె చూపిన అభిమానం ఆ సీజన్ పొడవునా చర్చకు వచ్చింది. ఇతర పోటీదారుల మధ్య ఆకర్షణను ఉత్సాహంగా కథగా మలిచే కార్యక్రమం ఇది. ప్రియాంక దగ్గరకు వచ్చేసరికి అది సర్దిచెప్పాల్సిన, హద్దులు గుర్తుచేయాల్సిన అంశంగా మారింది. స్కిట్‌లో ఆమె శృంగారాన్ని అనుకరిస్తే హాస్యం. హౌస్‌లో అనుకరణ కాని శృంగారం కనిపిస్తే ఇబ్బంది, ఆపైన జాలి. ఆమె నాయిక కాగల రసం ఒక్కటే రెండు చోట్లా అందుబాటులో లేదు.

6. రెండు పోలికలు

ఈ పరిస్థితి ఒక్క నటిది కాదు. 2019లో మూడో సీజన్‌లో వైల్డ్‌కార్డ్ ఎంట్రీగా వచ్చిన తమన్నా సింహాద్రి బిగ్‌బాస్ తెలుగులో పాల్గొన్న మొదటి ట్రాన్స్ మహిళ. హౌస్‌లో ఆమె తీవ్రంగా వాదించారు, పరుషంగా మాట్లాడారు, మూడో వారంలోనే నిష్క్రమించారు. ఆమె భాషను సమర్థించనవసరం లేదు. అయితే కరుణ పాత్రను తిరస్కరించిన ట్రాన్స్ మహిళకు మిగిలింది రౌద్రం ఒక్కటేనని, దానికి ప్రేక్షకాదరణ స్వల్పమని ఈ ఉదాహరణ చూపుతుంది. ప్రియాంక పదమూడు వారాలు నిలవడాన్ని, తమన్నా మూడు వారాల్లో వెళ్లిపోవడాన్ని స్వభావాల తేడాగా మాత్రమే చదవలేం. ప్రేక్షకుడు ఏ రసంలో ట్రాన్స్ స్త్రీని భరించగలడో ఆ తేడా కొంత చెబుతుంది.

రెండవ పోలిక పొరుగు రాష్ట్రానిది. తమిళంలో 2008లోనే విజయ్ టీవీలో రోజ్ వెంకటేశన్ ‘ఇప్పడిక్కు రోజ్’ అన్న టాక్‌షోకు వ్యాఖ్యాతగా వ్యవహరించారు. అక్కడ ప్రశ్నలు అడిగేది ఆమె. తన కథను చెప్పుకోవడానికి పిలిపించుకున్న అతిథికీ, ఇతరుల కథలను చర్చకు పెట్టే వ్యాఖ్యాతకూ తెరపై అధికారంలో చాలా తేడా ఉంది. తొలిచూపులో రెండూ ‘ప్రాతినిధ్యం’గానే కనిపిస్తాయి.

సాహిత్యం నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా అనువదించగా, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం లభించింది. ఆత్మకథా సాక్ష్యమే. ఏ బాధను చెప్పాలి, ఏ సందర్భాన్ని దాటవేయాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయం రచయిత్రిది. రియాలిటీ షోలో సాక్ష్యం చెప్పే గొంతు పోటీదారుది, కూర్పు కత్తెర మరొకరిది. ట్రాన్స్ జీవితకథ తెలుగులో రెండు మార్గాల్లో వచ్చింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం విమర్శ చేయకూడని పని.

7. ఒక అభ్యంతరం

హాస్యమే ట్రాన్స్ సమాజాన్ని ఇన్నాళ్లు గాయపరిచింది కదా, దాని నుంచి బయటపడి గౌరవప్రదమైన సానుభూతిని పొందడం పురోగతి కాదా అని అడగవచ్చు. తెలుగు సినిమా హాస్యంలో హిజ్రా పాత్రల చిత్రణను తలచుకుంటే ఈ ప్రశ్న న్యాయమైనదే.

కానీ హాస్యానికి గురికావడం వేరు, హాస్యాన్ని చేయడం వేరు. నాట్యశాస్త్రం తాను నవ్వడాన్ని ఆత్మస్థమనీ, ఇతరులను నవ్వించడాన్ని పరస్థమనీ విడదీసింది. ప్రియాంక వృత్తి రెండవది. ఆమెకు టైమింగ్ తెలుసు, సభను పట్టే ఒడుపు తెలుసు, వేదికపై ఏళ్ల సాధన ఉంది. సానుభూతి ఈ విద్యలో దేనినీ కోరదు. కేవలం ఆమె ఉండటాన్ని, బాధపడి ఉండటాన్ని కోరుతుంది. ఒక కళాకారిణికి గౌరవం ఇచ్చే పేరుతో ఆమె కళను అనవసరం చేయడం పురోగతి అనిపించుకోదు. పాత వెక్కిరింతకూ కొత్త జాలికీ ఒక పోలిక ఉంది. రెండూ ఆమె శరీరాన్నే విషయంగా తీసుకుంటాయి. పనిని విషయంగా తీసుకోవు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. లేడీ గెటప్ హాస్యం తెలుగు స్త్రీ పాత్రధారణ సంప్రదాయానికి కొనసాగింపుగా కనిపించినా లక్ష్యంలో దానికి విరుద్ధం. సంప్రదాయం వేషాన్ని మరిపించింది, స్కిట్ దానిని గుర్తుచేసింది.

2. వేషధారి పురుషుడన్న హామీ మీదే రంగస్థల గౌరవమూ, టెలివిజన్ హాస్యమూ నిలబడ్డాయి. ఆ హామీ లేనివారికి ఒకప్పటి చట్టం శిక్ష రాసింది, నేటి టెలివిజన్ కరుణపాత్ర రాసింది.

3. ప్రియాంక సింగ్ ప్రస్థానాన్ని రూపానురూపం నుంచి అనురూపానికి జరిగిన మార్పుగా చూడటం ప్రేక్షకుల వైపు నుంచే సరి. నటి వైపు నుంచి చూస్తే అది మొదటి నుంచీ అనురూపమే. ఈ రెండు చూపుల మధ్య తేడాయే ఆ స్కిట్లలోని నవ్వుకు మూలం.

4. ట్రాన్స్ కళాకారుల ప్రాతినిధ్యాన్ని వారు తెరపై ఉన్నారా లేదా అన్న లెక్కతో కొలవడం చాలదు. ఏ రసంలో ఉన్నారు, ఎవరి రచనలో ఉన్నారు, మాట ఎవరి చేతిలో ఉంది అన్నవి కూడా కొలమానాలు కావాలి.

స్కిట్ రచనను, ముఖ్యంగా సంబోధనలను, వాటి వరుసను, పంచ్ పడే చోటును భాషాశాస్త్ర దృష్టితో నమోదుచేసే పరిశోధనలు రావలసి ఉంది. ‘ఏమే’, ‘ఏరా’ల మధ్య జారే ఒక్క సంబోధన ఎంత సామాజిక భారాన్ని మోస్తున్నదో అటువంటి అధ్యయనంలోనే తెలుస్తుంది. ట్రాన్స్ నటి వేదికపైకి వచ్చి, తన శరీరం గురించీ కుటుంబం గురించీ ఒక్క మాటా చెప్పకుండా, ఒక గయ్యాళి అత్తగానో లంచగొండి గుమస్తాగానో పది నిమిషాలు నవ్వించి మార్కులు తీసుకుని వెళ్లిపోయే స్కిట్ మామూలు విషయమైన రోజున, ఈ వ్యాసంలోని ప్రశ్నలు పాతబడతాయి.